ఫాగర్ మోటార్ పావుగంటకోసారి దానంతట అదే ఆన్ అయి ఆగాలి: మీరెవరైనా ఏం పెట్టారు?

కాశీనగర్ రైతుబిడ్డ
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర, వంశధార పక్కన. ఇంటి వెనక షెడ్డులో వరిగడ్డి పుట్టగొడుగులు వేస్తున్నాం. ఇక్కడి సంతలో ఒడియాలో పాల ఛతు అంటేనే అందరికీ తెలుస్తుంది. షెడ్డులో తేమ 80 నుంచి 90 శాతం మధ్య నిలవాలి కదా, అందుకని అర హెచ్‌పీ మోటార్‌కి ఫాగర్లు (నీళ్లని మంచులా చల్లే నాజిల్స్) తగిలించి, పావుగంటకోసారి 20 సెకన్లు నడిచేలా వైఫై స్విచ్ పెట్టాను. ఫోన్‌లో ఆన్‌కి ఒక ఆటోమేషన్, ఆఫ్‌కి ఇంకొకటి.

మొన్న సాయంత్రం ఈదురుగాలి లేచి నెట్ పోయింది. అప్పటికి మోటార్ ఆన్‌లో ఉంది. ఆఫ్ చేయమన్న మాట స్విచ్ దాకా రాలేదు. నేను పర్లాకిమిడిలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి షెడ్డు గడప మీంచి నీళ్లు కారుతున్నాయి. విత్తనం వేసి వారమైంది, ఆవగింజంత తెల్ల మొగ్గలు అప్పుడే పైకి వస్తున్నాయి. రెండు రోజుల్లో పసుపు తిరిగి, వేలు పెడితే మెత్తగా నలిగిపోయాయి. 40 బెడ్లలో 26 పోయాయి. అమ్మ ఆ గడ్డి తీసి గట్టు మీద పోస్తుంటే చూడలేకపోయాను. నెట్ ఉన్నా లేకపోయినా తిరిగే పద్ధతి వాడుతున్నవాళ్లు చెప్పండి.

గుణుపురం వంశధార
తమ్ముడూ, చాలా బాధగా ఉంది. మాకూ ఇలాగే ఒకసారి చేపల తొట్టి ఎయిరేటర్ రాత్రంతా ఆగిపోయింది. ఆన్ ఒక ఆర్డర్, ఆఫ్ ఇంకో ఆర్డర్ అని పెట్టావు చూడు, గొడవంతా అక్కడే. ఆ రెండో ఆర్డర్‌ని నమ్ముకోకూడదు. ఆన్ అయిన ప్రతిసారీ స్విచ్ తనే లెక్కపెట్టుకుని ఆగిపోవాలి. నీ స్విచ్ సోనాఫ్ రకం అయితే ఈవీలింక్ యాప్‌లో ఆ డివైస్ సెట్టింగ్స్ తెరువు. ఇంచింగ్ అని ఉంటుంది. అందులో 20 సెకన్లు పెట్టు. అది స్విచ్ లోపలే నిలిచిపోతుంది. ఆ తర్వాత గోడ మీద బటన్ నొక్కినా, ఫోన్‌లోంచి ఆన్ చేసినా, 20 సెకన్లకి ఆగి తీరుతుంది. ముందు ఈ పని ఈ రాత్రే చెయ్యి. మిగతాది తీరిగ్గా చూసుకోవచ్చు.

కాశీనగర్ రైతుబిడ్డ
చేశాను అన్నా, పనిచేస్తోంది. థాంక్స్. ఇప్పుడు మునిగే భయం లేదు. కానీ నెట్ లేకపోతే ఆన్ అవ్వదు కదా? ఎండ ముదిరాక రెండు గంటలు ఫాగర్ ఆగితే గడ్డి పైపొర ఎండిపోతుంది.

జయపురం పై
నేను టాస్మోటా అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఇఎస్‌పీ8266 చిప్ ఉన్న స్విచ్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసేసి ఇది ఎక్కించుకోవచ్చు. ఎక్కించేటప్పుడు మాత్రం స్విచ్‌కి 230 వోల్టుల లైన్ అస్సలు ఉండకూడదు. ఇంచింగ్‌కి బదులు ఇందులో పల్స్ టైమ్ అని ఉంటుంది. ఒక మెలిక ఉంది, జాగ్రత్త. 111 దాకా ఏ అంకె వేసినా సెకనులో పదోవంతు లెక్క. 112 నుంచి, వంద తీసేస్తే మిగిలినన్ని సెకన్లు. అంటే 20 సెకన్లు కావాలంటే 120 రాయాలి. నేను మొదట 20 అని రాస్తే రెండు సెకన్లకే ఆగిపోయింది, స్విచ్ పాడైందేమో అనుకుని ఒక పూటంతా వెతికాను.

పావుగంటకోసారి తిరగడానికి టాస్మోటాలోనే ఉండే రూల్ టైమర్ చాలు. స్విచ్‌కి కరెంట్ రాగానే 60 సెకన్ల టైమర్ మొదలవ్వాలి. అది పూర్తవగానే పవర్ ఆన్, వెంటనే అదే టైమర్ మళ్లీ 900 సెకన్లకి. ఆఫ్ సంగతి పల్స్ టైమ్ చూసుకుంటుంది. రూల్ రాశాక రూల్1 1 అని కొట్టి దాన్ని ఆన్ చేయడం మర్చిపోకండి. పవర్ ఆన్ స్టేట్ 0 పెట్టండి, కరెంట్ వచ్చిన క్షణంలో మోటార్ దూకకుండా ఉంటుంది.

ఉదయం 6కి, 6:15కి అని గడియారం చూసి పెట్టే షెడ్యూల్ వద్దు. ఈ స్విచ్‌ల్లో బ్యాటరీ గడియారం ఉండదు. కరెంట్ పోయి వచ్చాక నెట్ దొరికేదాకా టైమ్ ఎంతో దానికి తెలియదు. కానీ 900 సెకన్లు లెక్కపెట్టడానికి నెట్ అక్కర్లేదు.

ఇంట్లో హోమ్ అసిస్టెంట్ (స్విచ్‌లన్నిటినీ ఒకేచోట నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్నవాళ్లకి ఒక మాట. ఆన్, డిలే, ఆఫ్ అని వరసగా రాయకండి. మధ్యలో రీస్టార్ట్ అయితే ఆ డిలే పోతుంది, ఆఫ్ రాదు. టైమ్ ప్యాటర్న్ ట్రిగ్గర్‌లో ప్రతి 15 నిమిషాలకి ఆన్ ఒక్కటే పెట్టుకోండి, ఆఫ్ పల్స్ టైమ్‌కే వదిలేయండి.

బరంపురం వైరింగ్
సాఫ్ట్‌వేర్ సంగతి బాగా చెప్పారు. నేను ఇరవై ఏళ్లుగా వైరింగ్ చేస్తున్నాను, నా ప్రశ్న ఒక్కటే. మోటార్ నేరుగా ఆ చిన్న స్విచ్ మీదే నడుస్తోందా?

కాశీనగర్ రైతుబిడ్డ
అవునండి. స్విచ్ మీద 10 ఆంపియర్లు అని ఉంది, అర హెచ్‌పీకి సరిపోతుందనుకున్నాను.

బరంపురం వైరింగ్
నడిచేటప్పుడు సరిపోతుంది బాబూ. లేచేటప్పుడు మోటార్ మామూలు కంటే ఐదారు రెట్లు కరెంట్ లాగుతుంది. పావుగంటకోసారి అంటే రోజుకి 96 సార్లు. స్విచ్ లోపల లైన్ కలిపి విడదీసే రిలేకి మామూలుగా లక్ష సార్లు అని రాస్తారు, అదీ హీటర్ లాంటి నెమ్మది లోడ్‌కి. ఆ లెక్కనే మూడేళ్లు నిండవు. అయిదు నిమిషాలకోసారి పెడితే ఏడాది కూడా రాదు. మోటార్ లోడ్‌కి ఇంకా తక్కువ.

పోతే పోయింది, కొత్తది కొంటాం అనుకుంటారేమో. రిలే పోయేటప్పుడు చాలాసార్లు కాంటాక్టులు అతుక్కుపోయి ఆన్‌లోనే ఉండిపోతాయి. నేను విప్పి చూసినవాటిలో రెండు పలకలూ కరిగి ఒకే ముద్దయ్యాయి, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగింది. అప్పుడు ఇంచింగ్ ఉన్నా, రూల్ ఉన్నా మోటార్ ఆగదు.

230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్ తెచ్చుకో, అంటే మోటార్ లోడ్‌ని తట్టుకునే పెద్ద రిలే. స్విచ్ ఆ కాయిల్‌ని మాత్రమే నడపాలి, మోటార్ లోడ్ కాంటాక్టర్ మోస్తుంది. కాయిల్ మీద ఆర్‌సీ స్నబ్బర్ ఒకటి వెయ్యి, లేకపోతే కాయిల్ ఆగినప్పుడు వచ్చే స్పార్క్‌కి స్విచ్ రీసెట్ అవుతూ ఉంటుంది. బాక్స్ షెడ్డు బయట పెట్టు, లోపల ఆ తేమకి పచ్చగా చిలుం పడుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే లైన్ కట్ చేసేది), ఎర్తింగ్ తప్పనిసరి. తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగేది మీ అమ్మగారు.

సిరొంచ బోరు
మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు. సిగ్నల్ ఒక్కోసారి అవతల కాళేశ్వరం టవర్ నుంచి దొరుకుతుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మా బోరు ఇరవై నిమిషాలు పోసి గాలి లాగుతుంది, నలభై నిమిషాలు ఊరాలి. వైఫై జోలికి పోకుండా షాపులో దొరికే సైక్లిక్ టైమర్ పెట్టించాను. ముందు రెండు చక్రాలుంటాయి, ఒకటి ఆన్ టైమ్, ఒకటి ఆఫ్ టైమ్. మా బాపు చదువుకోలేదు, స్క్రూడ్రైవర్‌తో ఎండాకాలం ఆఫ్ చక్రం కొంచెం పెంచుతాడు, వానలు పడ్డాక తగ్గిస్తాడు. ఎవరినీ అడగడు. కరెంట్ రోజుకి పదిసార్లు పోయినా మళ్లీ తనే మొదలవుతుంది. ఫోన్‌లో చూసుకోలేం, అంతే. దీనికీ కాంటాక్టర్ ఉంది, నీళ్లు లేకుండా మోటార్ తిరిగితే ఆపే డ్రై రన్ రక్షణ వేరే ఉంది.

గుణుపురం వంశధార
మా బావమరిది ఏసీని కూడా ఇలా పది నిమిషాలు ఆన్, రెండు నిమిషాలు ఆఫ్ పెడదామంటున్నాడు. కరెంట్ బిల్లు తగ్గుతుందా?

బరంపురం వైరింగ్
వద్దని గట్టిగా చెప్పండి. కంప్రెసర్ ఆగాక గ్యాస్ ప్రెషర్ సర్దుకోవడానికి కనీసం మూడు నిమిషాలు కావాలి. ఈలోపు లేపితే మోటార్ ఇరుక్కుని కాలిపోతుంది. ఏసీకి, ఫ్రిజ్‌కి ఉన్న థర్మోస్టాట్‌నే ఆ పని చేసుకోనివ్వండి.

కాశీనగర్ రైతుబిడ్డ
అందరికీ చెప్పాలని వచ్చాను. కాంటాక్టర్, స్నబ్బర్ పెట్టించాను. బాక్స్ వరండా గోడకి మారింది. టాస్మోటా జయపురం అన్న ఫోన్‌లో ఉండి ఎక్కించి ఇచ్చారు. నిన్న రాత్రి పదకొండుకి కరెంట్ పోయింది, మూడింటికి వచ్చింది. నెట్ పొద్దున దాకా లేదు. నేను మంచం మీద కూర్చుని వింటున్నాను. నిమిషానికి టక్కున కాంటాక్టర్ పడింది, ఫాగర్ చప్పుడు, మనసులో ఇరవై లెక్కపెట్టేసరికి మళ్లీ టక్. అమ్మ లోపల్నుంచి "ఆగిందా?" అని అడిగింది. ఆగిందమ్మా అన్నాను. రేపు కొత్త గడ్డి నానబెడుతున్నాం.