షిప్ మనీ కేసు గెలిచాక కూడా చార్లెస్‌కు ఆ డబ్బు ఎందుకు రాలేదు?

ప్రశ్న – మాధవి_చరిత్ర
ఓడల కోసమంటూ ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ పార్లమెంటు అనుమతి లేకుండా వేసిన పన్ను షిప్ మనీ. అది కట్టనన్న భూస్వామి జాన్ హాంప్‌డెన్ కేసులో 1638లో తీర్పు రాజుకే అనుకూలంగా వచ్చింది. అంతకుముందు మూడేళ్లు వసూళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. మరి రెండేళ్లు తిరక్కుండానే ఆ పన్ను ఎందుకు కుప్పకూలింది? గైడ్లలో "ప్రజలు నిరంకుశత్వాన్ని ఎదిరించారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. అసలు ఎక్కడ ఆగిందో తెలిసినవాళ్లు చెప్పండి. టన్నేజ్-పౌండేజ్ (రేవు సుంకాలు) గొడవకూ దీనికీ సంబంధం ఉందా?

జవాబు – పాత_దస్తావేజు
ముందు వసూలు ఎలా జరిగేదో చూడాలండి. యుద్ధకాలంలో రేవు పట్టణాలు ఓడలు సమకూర్చాలన్నది పాత ఆనవాయితీ. 1634 రిట్లు (రాజు లిఖిత ఆజ్ఞలు) ఆ ప్రాంతాలకే వెళ్లాయి. 1635లో తీరం లేని కౌంటీలకూ (జిల్లాలకూ) పంపడంతో పేచీ ముదిరింది. బకింగ్‌హామ్‌షైర్‌ను 450 టన్నుల ఓడ, 180 మంది మనుషులు ఇమ్మన్నారు. వాళ్ల దగ్గర ఓడ ఎక్కడిది? బదులుగా 4,500 పౌండ్లు కట్టాలి.

కౌంటీకి ఎంతన్నది రాజు సలహామండలి అయిన ప్రివీ కౌన్సిల్ ముందే ఖాయం చేసేది. కౌంటీ అధికారి షెరీఫ్ దాన్ని హండ్రెడ్లకూ (కౌంటీలోని భాగాలకూ), పారిష్‌లకూ (చర్చి పరిధిలోని ఊళ్లకూ) పంచితే ఊరి కానిస్టేబుళ్లు వసూలు చేసేవారు. పార్లమెంటు మంజూరు చేసే 'సబ్సిడీ' అనే పన్ను ఇలా కాదు. అందులో ఆస్తి విలువ కట్టేది స్థానిక పెద్దలే కాబట్టి ఏటేటా తగ్గించి రాసుకున్నారు. 1628 నాటికి ఒక్కో సబ్సిడీకి 55,000 పౌండ్లు వస్తే గొప్ప. షిప్ మనీ అయితే ఏడాదికి దాదాపు 2 లక్షలు! బకాయి పడితే పదవి దిగిపోయాక కూడా షెరీఫే పూచీ. మొదట్లో 90 శాతానికి పైగా రావడానికి ఇదే కారణం.

కానీ షెరీఫ్ అంటే జీతం లేకుండా ఏడాదిపాటు ఆ పని చేసే స్థానిక భూస్వామి. రేపు ఆ ఇరుగుపొరుగుతోనే బతకాలి. జనం కూడా "కట్టం" అని మొండికెయ్యలేదు. "పక్క ఊరికంటే మాకు ఎక్కువ వేశారు" అంటూ అర్జీల మీద అర్జీలు పెట్టారు, ప్రతి అర్జీతో వసూలు వెనకబడింది. చివరికి కానిస్టేబుళ్లు మొహం చాటేశారు. పశువులను జప్తు చేసి వేలం పెడితే పాడేవాళ్లు లేరు. నా దృష్టిలో పన్ను ఆగింది కోర్టులో కాదు, ఈ మెట్టు దగ్గరే.

జవాబు – వెస్ట్‌మిన్‌స్టర్_వీధి
పై జవాబుతో ఏకీభవిస్తాను గానీ, కోర్టును అంత తేలిగ్గా తీసేయలేం. ఈ పన్ను వేసేంత ప్రమాదం దేశానికి ఉందో లేదో తేల్చే అధికారం రాజుదేనని 1637 ఫిబ్రవరిలో 12 మంది న్యాయమూర్తులూ సంతకం చేసి ఇచ్చారు. ఏడాది దాటాక తీర్పు రాజు పక్షాన 7–5! వివాదం స్టోక్ మాండవిల్‌లోని హాంప్‌డెన్ భూమి మీద వేసిన 20 షిల్లింగుల గురించే. హాంప్‌డెన్ తరఫున ఆలివర్ సెయింట్ జాన్ చేసిన వాదన చూడండి: రిట్ ఇచ్చింది 1635 ఆగస్టులో, ఓడలు పోర్ట్స్‌మౌత్ చేరాల్సింది 1636 మార్చి 1కి. చేతిలో దాదాపు ఏడు నెలలున్నాయి. పార్లమెంటును పిలవడానికి 40 రోజులు చాలు. ఇంక ఆపద ఎక్కడ?

ఆ అయిదుగురిలో కొందరు సాంకేతిక కారణాలతోనే హాంప్‌డెన్ వైపు తేలారు, కానీ దేశంలో పాకింది మాత్రం "అయిదుగురు కాదన్నారు" అన్న మాట. రాజు పక్షాన గట్టిగా తీర్పు రాసిన జాన్ ఫించ్ ఎవరో తెలుసు కదా? 1629 మార్చి 2న సభను వాయిదా వేయబోతే సభ్యులు హోలిస్, వాలెంటైన్ కుర్చీలోంచి లేవకుండా పట్టుకున్న స్పీకర్ ఆయనే.

జవాబు – సుంకాల_చిట్టా
టన్నేజ్-పౌండేజ్‌తో సంబంధం ఉంది, అసలు అనుమానం పుట్టిందే అక్కడ. టన్ను ద్రాక్షసారాకు 3 షిల్లింగులు, ఇతర సరుకులకు పౌండు విలువకు 1 షిల్లింగు. తరతరాలుగా కొత్త రాజుకు దీన్ని జీవితాంతం మంజూరు చేసేవారు. 1625లో పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ ఒక్క ఏడాదికే ఇస్తామంది, ఆ బిల్లు కూడా ఎగువ సభ అయిన లార్డ్స్ దాటలేదు. చార్లెస్ మాత్రం వసూలు ఆపలేదు, కట్టనన్న సభ్యుడు జాన్ రోల్ సరుకునే జప్తు చేయించాడు. అంతకుముందు 1606లో, ఎండుద్రాక్ష వర్తకుడు జాన్ బేట్ సుంకం కేసులో, చార్లెస్ తండ్రి మొదటి జేమ్స్‌కు అనుకూలంగా తీర్పు వచ్చింది. రేవుల్లో పార్లమెంటు అనుమతి లేని సుంకాలు పెరుగుతూ పోయాయి. అది చూసినవాళ్లకు "ఈ ఏటికే" అంటూ వచ్చిన షిప్ మనీ శాశ్వతమైపోతుందన్న భయం ఊరికే కలగలేదు.

1639లో స్కాట్లాండ్ యుద్ధం వచ్చింది. సైనికుల దుస్తులకూ, ప్రయాణానికీ డబ్బు కట్టమని ఆ ఊళ్లనే అడిగారు. రెండూ ఒకేసారి మోయలేక ముందు షిప్ మనీని వదిలేశారు. ఆ ఏడాది చివరి రిట్లకు నాలుగో వంతు కూడా రాలేదు.

మాధవి_చరిత్ర
ధన్యవాదాలండీ. మరి 1640 వసంతంలో చార్లెస్ పార్లమెంటును 12 సబ్సిడీలిస్తే షిప్ మనీ వదులుకుంటానన్నాడు కదా, కామన్స్ ఎందుకు ఒప్పుకోలేదు?

జవాబు – సుంకాల_చిట్టా
ఒప్పుకుంటే ఆ పన్ను చట్టబద్ధమేనని వాళ్లే అంగీకరించినట్టవుతుంది. అక్రమమన్నదాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడమెందుకన్నది వాళ్ల వాదన. పైగా సైనికుల ఖర్చు, మతపరమైన ఫిర్యాదులు అలాగే ఉండిపోతాయి. మూడు వారాలకే, మే 5న, సభ రద్దయింది. తర్వాత కొలువైన పార్లమెంటు ('లాంగ్ పార్లమెంటు') 1641లో టన్నేజ్-పౌండేజ్‌ను రెండు నెలల లోపు గడువుతో ఇచ్చి పొడిగిస్తూ పోయింది, ఆగస్టులో షిప్ మనీని అక్రమమని చట్టం చేసి హాంప్‌డెన్ తీర్పును కొట్టేసింది.