పక్షవాతం తర్వాత నీళ్ళు తాగితే పొలమారుతోంది, ఎవరికి చూపించాలి?

కృష్ణాతీరం:
నాన్నగారికి 68 ఏళ్ళు. పక్షవాతం వచ్చి మూడు వారాలైంది. ఎడమ చెయ్యి పడిపోయింది, మూతి వంకర ఉంది. ఇడ్లీ, మెత్తటి పప్పన్నం తింటున్నారు గానీ మంచినీళ్ళు, కాఫీ తాగితే పొలమారుతోంది. భోజనానికి ముప్పావు గంట పడుతోంది, ముద్ద ఎడమ బుగ్గలో ఉండిపోతోంది. ముద్ద దిగుతుంటే నీళ్ళకు ఎందుకీ అవస్థ? నీళ్ళు తగ్గించమంటారా? ఏ డాక్టరు చూస్తారు?

స్పీచ్‌థెరపీ_వరంగల్:
నీళ్ళు మానిపించకండి, ఒంట్లో నీరు తగ్గితే ఇంకో ప్రమాదం. మింగేటప్పుడు శ్వాసనాళం మూసుకోవాలి. పక్షవాతంలో అది కాస్త ఆలస్యమవుతుంది. ముద్ద నెమ్మదిగా జారుతుంది కాబట్టి సరిపోతుంది, నీళ్ళు మూసుకునేలోపే లోపలికి పోతాయి.

దగ్గు ఒక్కదాన్నే గుర్తుగా పెట్టుకోవద్దు. గొంతులో స్పర్శ తగ్గితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు. తాగాక "ఆ..." అని సాగదీయమనండి. గొంతు తడిగా గురగురలాడితే అనుమానించాలి. తింటుంటే ఆయాసం, కారణం తెలియని జ్వరం, మళ్ళీమళ్ళీ నెమ్ము, బరువు తగ్గడం కూడా అంతే.

న్యూరాలజిస్టుతో మింగుడు పరీక్షకు రాయించుకోండి. చేసేది స్పీచ్ థెరపిస్టు. మాట బాగానే ఉంది కదా అని చాలామంది వెళ్ళరు, మింగడం కూడా వాళ్ళ పనే. అయితే అందరూ చేయరు, ముందే ఫోన్ చేసి అడగండి. ఆగకుండా 90 మి.లీ. నీళ్ళు తాగించి చూసే పరీక్ష ఒకటుంది, అది వాళ్ళ ముందే జరగాలి, ఇంట్లో వద్దు. అనుమానం మిగిలితే బేరియం (ఎక్స్‌రేలో కనిపించే పొడి) కలిపిన ఆహారం మింగుతుండగా ఎక్స్‌రే వీడియో తీస్తారు, లేదా ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి గొంతు చూస్తారు.

వార్డు_సిస్టర్:
పరీక్ష అయ్యేదాకా: కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక కనీసం అరగంట పడుకోబెట్టొద్దు. నీళ్ళు చెంచాతో, ఒకసారికి 5 మి.లీ. మించకుండా. ఒక గుటక పూర్తిగా దిగాకే రెండోది. ముద్ద కుడి బుగ్గ వైపు పెట్టండి, చివర్లో ఎడమ బుగ్గ వేలితో చూడండి. చెంచా నీళ్ళకు కూడా దగ్గుతుంటే నోటితో ఇవ్వడం ఆపి ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

చారన్నం వద్దు. మెతుకులు నములుతుండగానే చారు ముందు జారిపోతుంది. పొడి ఇడ్లీ కూడా రవ్వలు రవ్వలుగా చెదురుతుంది, గట్టి పెరుగుతో మెదిపి పెట్టండి.

పొలమారితే మనవాళ్ళు "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ నెత్తి మీద తట్టి నీళ్ళు తాగిస్తారు. ఈయనకు ఆ నీళ్ళే ప్రమాదం. ముందుకు వంచి, దగ్గనివ్వండి. దగ్గు, మాట రెండూ రాక పెదవులు నీలమైతే వీపు మీద, భుజాల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు, తర్వాత వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన 5 సార్లు లోపలికి పైకి నొక్కాలి. ఇంకొకరు 108 కి ఫోన్ చేయాలి.

కృష్ణాతీరం:
రాగిజావ చిక్కగా చేసి ఇస్తే సరిపోతుందా? ఎంత చిక్కన?

స్పీచ్‌థెరపీ_వరంగల్:
ఎంత చిక్కదనమో పరీక్ష తర్వాతే తేలుతుంది. అందరికీ చిక్కదనం అక్కర్లేదు, పైగా చిక్కటివే ఇస్తే తాగడం తగ్గిపోతుంది. కొలత ఇదీ: సూది తీసిన 10 మి.లీ. సిరంజి, మొన వేలితో మూసి, ఇవ్వబోయే ద్రవంతో 10 గీత దాకా నింపండి, 10 సెకన్లు వేలు వదిలి మళ్ళీ మూయండి. 1 నుంచి 4 మి.లీ. మిగిలితే చిక్కదనంలో ఒకటో స్థాయి, 4 నుంచి 8 అయితే రెండు, 8 దాటితే మూడు. సిరంజిలో 0 నుంచి 10 గీత దాకా 61.5 మి.మీ. ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

జావతో ఒక చిక్కుంది. ఎంగిలి చెంచా గిన్నెలో పడితే లాలాజలం పిండిని కరిగించి, తింటుండగానే పల్చబడుతుంది. చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెంగా తీసి ఇవ్వండి.

వార్డు_సిస్టర్:
రెండు పూటలా పళ్ళు, నాలుక శుభ్రం చేయండి. ముక్కులో గొట్టం వేసినా ఇది మానకూడదు, ఉమ్ములోని క్రిములే నెమ్ము తెస్తాయి. మాత్రలు గట్టి పెరుగులో పెట్టి ఇవ్వొచ్చు గానీ, పేరు పక్కన ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని ఉన్నవి (మందు నెమ్మదిగా వదిలేవి) నలగ్గొట్టొద్దు, మందంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. బదులు ఏమివ్వాలో డాక్టర్నే అడగండి.