మే నెలలో టమాటా పిందె పడాలంటే గ్రీన్ నెట్ చాలా?

మేడతోట (విజయనగరం): మేడ మీద పది బకెట్లలో టమాటా వేశాను. మొక్కలు నడుమెత్తు వచ్చాయి, గుత్తులుగా పూశాయి. పిందె ఒక్కటీ లేదు. పువ్వు కాడ మధ్యలో చిన్న కణుపులా ఉంటుంది చూడండి, అక్కడ పసుపెక్కి, చెయ్యి తగిలితే చాలు ఊడిపోతోంది. పక్కింటావిడ 50 శాతం ఎండని ఆపే గ్రీన్ నెట్ కట్టమంటోంది. మా ఆయన దండగ అంటున్నారు.

నాగావళి: కట్టండమ్మా. నిరుడు నెట్ లేక మా కాయలు ఎండ తగిలిన పక్కంతా తెల్లగా ఉడికిపోయాయి. ఈ ఏడాది కట్టాను, మధ్యాహ్నం మొక్కలు వాడటం లేదు.

బొబ్బిలి రైతు: మొక్క వాడకపోవడం వేరు, పిందె పడటం వేరు. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 కంటే దిగకపోయినా టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు. మే నెలలో మనకి తెల్లవారుజామున ఫ్యాను కింద కూడా చెమటే. నెట్ పగటి ఎండని ఆపుతుంది గానీ రాత్రి ఉక్కని ఏం చేస్తుంది? పైగా మేడ స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతుంది. మదనపల్లె వీడియోలు చూసి ఆశపడకండి. అది సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రిళ్లు చల్లబడుతుంది. ఆ లెక్క మనకి అరకులో కుదురుతుంది, కింద కాదు.

నాగావళి: అయితే ఏప్రిల్ ఆఖర్న నేను కోసిన రెండు కేజీలు ఏటి మరి?

బొబ్బిలి రైతు: పిందె పండవడానికి నెలన్నర పడుతుంది. అంటే అవి మార్చిలో పడ్డవి. మీ నెట్ వాటిని కాపాడింది, అంతే.

నాగావళి: సరే, అది ఒప్పుకుంటాను. కాపాడటం మాత్రం తక్కువ పనా?

పొందూరు పెద్దమ్మ: మా ఇంట్లో రామ్ములక్కాయలు, అదే టమాటాలు, ఎండల్లో కొనుక్కోవడమే. నారు దీపావళికి పోసేస్తాం, శివరాత్రికి కోతలు జోరు మీదుంటాయి. పెరట్లో ఉసిరికాయంత చిన్న రకం ఒక్కటి మాత్రం ఎండల్లోనూ నాలుగు కాయలిస్తుంది, పచ్చడికి సరిపోతాయి. బాబూ, కోడిగుడ్డు పెంకులు వేస్తే పూత నిలుస్తుందని మా కోడలు పోస్తోంది, నిజమేనా?

బొబ్బిలి రైతు: పూతకి సంబంధం లేదు పెద్దమ్మా. కాల్షియం అందకపోతే కాయ అడుగు నల్లబడి తోలులా అవుతుంది. అది కూడా ఎక్కువగా ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచెత్తడం వల్లే. మట్టిలో కాల్షియం ఉన్నా నీళ్లు సమంగా అందితేనే కాయ దాకా వెళ్తుంది.

మేడతోట: అయితే నా పది బకెట్లూ పీకేయాలా? మూడింటి ఆకులు ముడుచుకున్నాయి కూడా.

బొబ్బిలి రైతు: ఆ మూడూ ఈ రోజే పీకేయండి. అది తెల్లదోమ తెచ్చే వైరస్, మందు లేదు. మిగతా ఏడింటికి మొదళ్ల దగ్గర వరిగడ్డి మందంగా పరిచి, ఉదయమే నీళ్లు పోయండి. బకెట్లు స్లాబు మీద కాకుండా ఇటుకల మీద పెట్టండి. వానలు పడ్డాక కొమ్మలు కత్తిరిస్తే కొత్త చిగురు వస్తుంది. నెట్ కట్టాలనుకుంటే అప్పటిదాకా మొక్కల్ని కాపాడటానికి కట్టండి, మే నెల కాయల కోసం కాదు.

మేడతోట: మూడూ పీకేశాను. ఆకు తిప్పితే కింద తెల్లటి పొడిలా లేచింది, ఇన్నాళ్లూ దుమ్మనుకున్నాను. ఇటుకలు మా ఆయనే మోస్తున్నారు, నెట్ డబ్బులు మిగిలాయని.