టొరాయిడ్ మీద ‘ఒక చుట్టు’ అంటే ఎంత? బైఫైలార్‌ని తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. విజయనగరంలో మేం కొందరం హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే రేడియో) కిట్లు సొంతంగా కట్టుకుంటాం, ఈమధ్య పాలిటెక్నిక్ పిల్లలు కూడా వస్తన్నారు, వాళ్ల కోసం టొరాయిడ్ మీద, అంటే మధ్యలో కన్నం ఉన్న రింగు మీద, వైరుతో కాయిల్ చుట్టే పద్ధతి తెలుగులో ఒక పేజీ రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే పేచీ వచ్చింది. "ఎర్ర రింగు మీద 20 చుట్లు చుట్టండి" అని రాస్తే చదివినవాళ్లు 21 చుట్టీస్తన్నారు.

తప్పు పిల్లలది కాదు, మాటది. మనకి చుట్టు అంటే బయల్దేరిన చోటికి తిరిగి రావాలి, గుడి చుట్టూ తిరిగితే ధ్వజస్తంభం దగ్గరకొచ్చాకే కదా ఒకటి అంటాం. అందుకని వైరు కొసని కన్నంలోంచి మొదటిసారి దూర్చినప్పుడు లెక్కెట్టరు, బయట నుంచి తిప్పి మళ్లీ దూర్చాక ఒకటి అంటారు. టొరాయిడ్ లెక్క అలగ కాదు. వైరు కన్నంలోంచి ఎన్నిసార్లు వెళ్తే అన్ని టర్నులు, తిన్నగా ఒక్కసారి దూర్చి వదిలేసినా అది పూర్తిగా ఒక టర్నే.

ఒకటి ఎక్కువైతే ఏటవుతాది అంటారేమో. టి50-2 అని అర అంగుళం అడ్డం ఉండే ఎర్ర రింగు ఉంటాది, ఇనప పొడితో చేసినది. దాని మీద చుట్టిన కాయిల్‌ ఇండక్టెన్స్ లెక్క ఒక టర్నుకి 4.9 నానోహెన్రీ, అక్కడి నుంచి టర్నుల వర్గంతో పెరుగుతాది. 20కి 1.96 మైక్రోహెన్రీ వస్తే 21కి 2.16 వస్తాది. కెపాసిటర్ అదే ఉంచితే 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర పలకాల్సిన సర్క్యూట్ 6.76 దగ్గరకి జారిపోతాది, మన హామ్‌లకిచ్చిన 40 మీటర్ల బ్యాండు 7.0 నుంచి 7.2 దాకానే. టర్నుల్ని ఎడంగా జరిపితే ఇండక్టెన్స్ కొంచెం తగ్గుతాది, ట్రిమ్మర్ (తిప్పి సరిచేసే చిన్న కెపాసిటర్) ఉంటే దాంతో ఇంకొంచెం లాక్కురావచ్చు, కానీ మొదటి కిట్టు కట్టిన పిల్లాడికి రేడియో ఎందుకు పలకట్లేదో ఎలా తెలుస్తాది?

అందుకని "20 దూర్పులు" అని రాయొచ్చా? ఈ మాట మీ ఊళ్లో ఎవరైనా అంటారా? రెండోది, రెండు వైర్లు కలిపి చుట్టేదాన్ని బైఫైలార్ అంటారు, మూడైతే ట్రైఫైలార్. హైదరాబాద్ అషర్ ఫర్హాన్ గారు డిజైన్ చేసిన బిట్‌ఎక్స్ అనే హామ్ రేడియో కట్టాలంటే ఇవి తప్పవు. వీటికి మాట కావాలి.

రాజాం నుంచి: మాది మోటారు రీవైండింగ్ మాస్టారూ. మేం టర్ను అంటాం, లేపోతే రౌండు. మేం ముందు ఫార్మా (అచ్చు) మీద చుట్టి తర్వాత మోటారు స్లాట్లలో దించుతాం కాబట్టి మాకు రౌండంటే నిజంగా రౌండే, మీది వేరే యవ్వారం. దూర్పు అంటే నాకే అర్థం కాలేదు, పిల్లలకేటి అవుతాది. ఒక్క మాటలో ఇరికించకండి, వాక్యం రాసీండి, "వైరు కన్నంలోంచి 20 సార్లు వెళ్లాలి" అని.

పొందూరు నుంచి: మా ఇంట్లో రాట్నం ఉండేది, మా అమ్మ నూలు వడికేది. దారాలు రెండు కలిపితే రెండు పేటలు, మూడు కలిపితే మూడు పేటలు. మెళ్లో గొలుసుకీ అదే మాట. వాటిని కలిపి తిప్పితే పురి. మీ బైఫైలార్ రెండు పేటల చుట్టే కదండీ?

ఇంకొక సభ్యులు: ‘ద్వితంతు వలయం’ అనొచ్చు, శాస్త్ర గ్రంథానికి నిండుగా ఉంటుంది.

మళ్లీ నేను: పొందూరు అమ్మగారికి దండాలు, ఇది నాకు తట్టనే లేదు. ఫైలార్ అన్నది కూడా లాటిన్‌లో దారం అనే మాట నుంచి వచ్చిందే. ద్వితంతు అన్నదాంట్లో అర్థం తప్పు లేదండీ, కానీ చేతిలో వైరు పట్టుకున్న పిల్లాడికి అది కనపడదు. పేట అంటే కనపడతాది, ఎందుకంటే పేటలు కలిసి నడుస్తాయి గాని దేని మొదలు దానిదే, దేని కొస దానిదే. ఈ పనిలో అసలు కిటుకు అదే. మధ్యలో ట్యాప్ (కాయిల్ నడుమ నుంచి తీసే కనెక్షన్) కావాలంటే మొదటి పేట చివర కొసని రెండో పేట మొదలు కొసకి కలపాలి, పొరపాటున ఒకే పేట రెండు కొసలూ కలిపితే షార్ట్. అందుకే ముందు కొసల మీద వార్నిష్ పూత గీకి, మల్టీమీటర్‌తో ఏ కొస ఏ పేటదో చూసుకోవాలి. పురికి కూడా మేం అంగుళానికి 8 మెలికలు అని చెప్తుంటాం, ఇకనుంచి "8 పురులు" అంటాను, లేపోతే ఇది కూడా తప్పా?

పొందూరు నుంచి: పురిని లెక్కపెట్టరండీ, పురి ఎక్కువ తక్కువ అంటారు. లెక్కకి మెలికలే బావుంటాది.

మళ్లీ నేను: సరే, అయితే పేజీలో ఇలాగ పెట్టీస్తన్నాను, తప్పుంటే చెప్పండి: "మూరెడు వైరు తీసుకోండి. కొసని ఎర్ర రింగు కన్నంలోంచి దూర్చండి, ఇది ఒకటి. ఇలా 20 సార్లు దూర్చాలి. రెండు పేటలదైతే ముందు వైర్లు రెండూ కలిపి పురి పెట్టండి, అంగుళానికి 8 మెలికలు."

రాజాం నుంచి: "ఇది ఒకటి" అన్నది లావు అక్షరాల్లో వేయండి మాస్టారూ.