యోగ్యతములా, యోగ్యతమాలా?

అరసున్న: జెనెటిక్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ మాన్యువల్ ఒకటి తెలుగు చేస్తున్నాను. ప్రోగ్రాములకు మార్కులు వేసి, మెరుగైనవాటి నుంచి కొత్త ప్రోగ్రాములు పుట్టించే పద్ధతి అది; ఆ మార్కులే ఫిట్‌నెస్. జాన్ కోజా 1992 పుస్తకంలోని నాలుగు రకాల ఫిట్‌నెస్ అందులో ఉన్నాయి. రా ఫిట్‌నెస్‌కి ముడి యోగ్యత, స్టాండర్డైజ్డ్‌కి ప్రామాణిక యోగ్యత అని రాసేశాను. అడ్జస్టెడ్ దగ్గర పెన్ను ఆగింది. 'సవరించిన' అనొచ్చా? పైగా బడిలో బట్టీపట్టిన డార్విన్ పాఠం మాట పొద్దున్నుంచీ చెవిలో తిరుగుతోంది: 'యోగ్యతముల సార్థక జీవనం' (సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్). ములేనా, మాలా?

తలకట్టు: ములే. చాలామంది 'యోగ్యత'కి 'ముల' తగిలించారనుకుంటారు. కాదు, యోగ్య + తమ. రెంటిలో మెరుగైతే 'తర', అన్నిటికన్నా మెరుగైతే 'తమ'. ఉత్తముడు, ఉత్తములు అన్నట్టే యోగ్యతముడు, యోగ్యతములు.

నకారపొల్లు: అంటే చెట్టూ పురుగూ మహద్వాచకాలు, అదే మగవాళ్లను చెప్పే మాటలు, అయిపోయాయా మాస్టారూ? ఉత్తమం, ఉత్తమాలు అన్నట్టు యోగ్యతమాలే అవ్వాలి. అరసున్న గారివైతే ప్రోగ్రాములు, ప్రాణం కూడా లేదు.

తలకట్టు: గ్రాంథికంలో అమహత్తుకైతే 'యోగ్యతమముల' అనాలి. ఒక మకారం అచ్చులో జారిపోయి ఉంటుందని నా అనుమానం.

వట్రుసుడి: ఆ మాట అసలు డార్విన్‌ది కాదండీ. 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అన్నాడు, డార్విన్ 1869లో ఐదో కూర్పులో వాడుకున్నాడు. అక్కడ ఎవరు యోగ్యులో బతికి బట్టకట్టాక తెలుస్తుంది. ఇక్కడ ముందు మార్కులు వేసి, తర్వాత ఎవరికి సంతానం ఉండాలో తేలుస్తారు. కాబట్టి 'యోగ్యత' అనే మాటే నాకు నచ్చలేదు.

అరసున్న: అయ్యా, నా అడ్జస్టెడ్...

నకారపొల్లు: 'సవరించిన' వద్దు. సవరణ అంటే తప్పు దిద్దడం. ఇక్కడ దిద్దే తప్పేముంది? ప్రామాణిక యోగ్యత తక్కువుంటే మేలు, సున్నా అయితే అన్నిటికన్నా మేలు. దానికి ఒకటి కలిపి, ఒకటిని ఆ మొత్తంతో భాగిస్తారు. 9, 10 అన్నవి 0.1, 0.0909 అవుతాయి. 0, 1 అన్నవి 1, 0.5 అవుతాయి. రెండుచోట్లా తేడా ఒకటే, కానీ గమ్యం దగ్గర పడ్డవాళ్ల మధ్య తేడా పెద్దదై కనిపిస్తుంది. వరస మారదు, తారతమ్యం మారుతుంది. తర, తమ, తారతమ్యం! మీ 'తమ' ఇక్కడే దొరికింది. 'తారతమ్య యోగ్యత' అనండి.

తలకట్టు: చమత్కారం బాగుంది, పారిభాషిక పదం కాలేదు. గొంతు సవరించుకున్నప్పుడు ఏ తప్పు దిద్దుతున్నాం? జుట్టు సవరించుకున్నప్పుడు? ఉన్నదాన్ని పొందిగ్గా సర్దడమే కదా. 'సవరించిన' బంగారంలాంటి మాట. మీ భాగహారం చేసే పని వేమన ఎప్పుడో చెప్పాడు. ఉప్పూ కర్పూరమూ ఒకేలా ఉంటాయి, 'చూడ చూడ' రుచులు వేరు.

వట్రుసుడి: 'చూడఁజూడ' అండీ. 'చూడన్' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట; మీద చకారానికి సరళాదేశం, అంటే 'చ' కాస్తా 'జ' అవుతుంది. పైగా మధ్యలో అరసున్న. అడిగినాయన పేరునే ఎగరగొట్టారు.

తలకట్టు: ఫోన్లో అరసున్న పడలేదు, క్షమించాలి. సరళాదేశం నాకు తెలియక కాదు.

వట్రుసుడి: సరే. అసలు విషయానికొస్తే, ఎంపిక టోర్నమెంట్ పద్ధతిలో జరిగితే ఈ భాగహారం దండగ. అక్కడ ఇద్దరిలో ఎవరు మెరుగో చూస్తారు గానీ ఎంత మెరుగో చూడరు, అంటే 'తర' ఉంటే చాలు. మార్కుల నిష్పత్తిని బట్టి ఎంచే రూలెట్ పద్ధతిలోనే దీనికి విలువ. ఇంకోటి, ప్రోగ్రాం మరీ పొడుగైతే జరిమానాగా మార్కులు కోయడాన్ని కూడా కొందరు అడ్జస్ట్ చేయడమే అంటారు. అక్కడ వరసే మారిపోవచ్చు. మీ మాన్యువల్‌లో ఉన్నది ఏది?

అరసున్న: ఇప్పుడే చూశాను. మూడో అధ్యాయంలో భాగహారం, ఏడో అధ్యాయంలో జరిమానా. మాట మాత్రం ఒక్కటే.

నకారపొల్లు: అయితే మొదటిది తారతమ్య యోగ్యత, రెండోది సవరించిన యోగ్యత. ఇద్దరమూ గెలిచాం.

తలకట్టు: నేనొప్పుకోను. రెండోది కోత. 'కోసిన యోగ్యత' అనండి.

అరసున్న: కూరగాయలా ఉందండీ.

తలకట్టు: అది తర్వాత చూద్దాం. ఆ పాత పాఠ్యపుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టండి, మకారాలు లెక్కపెడతాను.