ఫోర్ వీల్ ముందే వేయాలా, దిగబడ్డాకే వేయాలా?

రేగడి బాట (ఆలూరు దగ్గర, కర్నూలు జిల్లా)

అన్నలందరికీ నమస్కారం. పోయిన వారం మా ఇంట్లో మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మా చేను ఊరికి 2 కిలోమీటర్లు. చివరి 600 మీటర్లు నల్లరేగడి బాట. వాన వెలిసిన మర్నాడు బోరు మోటారు, పైపులు, 10 బస్తాల ఎరువు వేసుకుని చేనికి బయల్దేరాం. బండి ఫోర్ బై ఫోర్ పికప్. పక్కన మా చిన్నాన్న. బాట మొదట్లోనే నేను 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే మామూలు వేగం గేరు) వేయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడే వేస్తే ఇరుక్కున్నప్పుడు ఇంకేం వేస్తావురా? ఫోర్ వీల్ బయటికి రావడానికి పెట్టుకోవాలి, లోపలికి పోవడానికి కాదు" అన్నాడు. పెద్దాయన మాట కదా, సరే అన్నాను.

400 మీటర్లు బాగానే పోయింది. పక్క చేని నీళ్లు బాట మీదికి తిరిగిన చోట వెనక చక్రాలు ఊరికే తిరగడం మొదలుపెట్టాయి. నేను కాలు తీసేలోపే కుడివైపు వెనక చక్రం రిమ్ము దాకా దిగింది. అప్పుడు 4హెచ్ వేశాను, తర్వాత 4ఎల్ (నాలుగు చక్రాలూ నిదానంగా, ఎక్కువ బలంతో లాగేది) వేశాను. ముందు చక్రాలు కూడా తిరిగాయి గానీ బండి జానెడు కదల్లేదు. దిగి పారతో తవ్వి చూస్తే వెనక హౌసింగ్ (ఇరుసు మధ్యలో గేర్లు ఉండే డబ్బా) బురద మీద కూర్చుని ఉంది. టైర్లకు గాడులే కనపడలేదు. మట్టి నిండిపోయి, చేత్తో తడిమితే సబ్బు పూసినట్టు నున్నగా ఉన్నాయి. ట్రాక్టర్ దొరికి లాగేసరికి చీకటి పడింది.

నేనంటాను, ముందే వేసి ఉంటే దిగబడేదే కాదని. చిన్నాన్న అంటాడు, ముందే వేసి ఉంటే ఇంకో 100 మీటర్లు లోపలికి పోయి దిగబడేవాళ్లం, ట్రాక్టర్ కూడా వచ్చేది కాదని. మీరేమంటారు?

పెన్నా ఒడ్డు (తాడిపత్రి)

మీ చిన్నాన్న చెప్పిందే సరైనది తమ్ముడూ. నేను పాత జీపులతో మొదలుపెట్టి 22 ఏళ్లుగా ఫోర్ వీల్ బండ్లే నడుపుతున్నాను. వెనక చక్రాలతో పోతున్నప్పుడు బండి మనకు ముందే చెబుతుంది, ఇక్కడ నేల బాలేదు అని. కాస్త జారగానే ఆగిపోతాం, ఫోర్ వీల్ వేసి వెనక్కి తీసుకుంటాం. మొదటి నుంచీ వేసుకుని పోతే ఆ మాట వినపడదు. నాలుగు చక్రాలూ లాగుతుంటే ధైర్యం వస్తుంది, బండి బురద నడిమధ్యకు పోయి అక్కడ కూర్చుంటుంది.

ఇంకో సంగతి. ముందే వేసేవాళ్లు తీయడం మర్చిపోతారు. మా బావమరిది చేనులో వేసి, అలాగే తారు రోడ్డెక్కి అనంతపురం దాకా పోయాడు. పెట్రోల్ బంకులో తిప్పబోతే బండి ఎవరో బ్రేకు పట్టినట్టు ఎగిరెగిరి పడింది. లివర్ వెనక్కి రాలేదు. ఆ నెలే ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేర్ల పెట్టె) విప్పాల్సి వచ్చింది. పెద్దవాళ్ల సూత్రం ఇలాంటి దెబ్బలు తిన్నాక పుట్టిందే.

షెడ్డు మాట (కడప)

14 ఏళ్లుగా ఈ బండ్లు విప్పి బిగిస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మెత్తటి నేల విషయంలో నేను రేగడి బాట తమ్ముడి పక్షమే. బండిని ముందుకు తోయడానికి కావాల్సిన బలాన్ని వెనక రెండు టైర్లే మోస్తే, ఒక్కో టైరు మీద అంత భారం పడుతుంది. నాలుగూ పంచుకుంటే సగమే పడుతుంది. జారే నేల ఏ టైరుకైనా కొంతవరకే పట్టు ఇస్తుంది. ఆ హద్దు దాటితే టైరు తిరుగుతుంది, తిరిగితే తవ్వుతుంది. కాబట్టి ఫోర్ వీల్ అసలు పని టైరును ఆ హద్దు దాటనీయకుండా చూడటం. గుంత తవ్వుకున్నాక, హౌసింగ్ నేల మీద కూర్చున్నాక టైర్ల మీద బరువే ఉండదు. అప్పుడు 4హెచ్ వేసినా 4ఎల్ వేసినా గాల్లో తిప్పినట్టే. పైగా మామూలు డిఫరెన్షియల్ (రెండు పక్కలా వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) పట్టు లేని చక్రాన్నే ఎక్కువ తిప్పుతుంది. ముందు ఒకటి, వెనక ఒకటి పట్టు లేకుండా తిరుగుతుంటే మిగిలిన రెండు చక్రాలూ చూస్తూ ఉంటాయి. హైలక్స్ లాంటి బండికి వెనక రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ బటన్ ఉంటుంది, అక్కడ కొంత నయం. హౌసింగ్ కూర్చుంటే అదీ చేసేదేమీ లేదు.

తారు రోడ్డు సంగతిలో మాత్రం పెన్నా ఒడ్డు అన్న రాసిన ప్రతి అక్షరం నిజం. ఎందుకో లెక్క చెబుతాను. మన పికప్‌లలో 4హెచ్ వేస్తే ఇరుసులకు బలం మోసే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకటిగా బిగుసుకుంటాయి, మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. వి-క్రాస్ లాంటి బండికి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 3.1 మీటర్లు. ఇరుకు మలుపులో వెనక ఇరుసు 6 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే, ముందు ఇరుసు దాదాపు 6.75 మీటర్లలో తిరగాలి. మూల తిరిగేసరికి వెనకది 9.4 మీటర్లు నడిస్తే ముందుది 10.6 మీటర్లు నడవాలి. రెండింటినీ ఒకే వేగంతో తిప్పుతున్నాం కదా, ఆ 1.2 మీటర్ల తేడా ఎక్కడికి పోవాలి? మట్టిలో, ఇసుకలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారదు. ఆ మెలి అంతా షాఫ్టుల్లో, చైన్‌లో, జాయింట్లలో బిగుసుకుంటుంది. బంకులో బండి ఎగిరిపడింది అందుకే.

లివర్ రాకపోయినా, 4హెచ్ లైటు ఆరకుండా కొట్టుకుంటున్నా బలవంతం చేయకండి. స్టీరింగ్ నేరుగా పెట్టి 5, 10 మీటర్లు రివర్స్ పోనిస్తే మెలి వదులుతుంది, అదే వచ్చేస్తుంది.

ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. లోడు బండ్లకు వెనక టైర్లు త్వరగా అరుగుతాయి కాబట్టి చాలామంది వెనక రెండే కొత్తవి వేయించుకుంటారు. అప్పుడు ముందు టైరు చుట్టుకొలత తక్కువ, వెనకది ఎక్కువ. 4హెచ్ వేస్తే నేరుగా పోతున్నా మెలి పడుతూనే ఉంటుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలి. బురదలోకి దిగకపోయినా నెలకొకసారి మట్టి రోడ్డు మీద 4హెచ్ వేసి కొన్ని కిలోమీటర్లు నడపండి, నూనె తిరుగుతుంది. సంవత్సరాల తరబడి వాడక, సరిగ్గా కావాల్సిన రోజు లివర్ కదలక నా దగ్గరికి వచ్చిన బండ్లు చాలా ఉన్నాయి.

ఘాట్ బండి (రాయచోటి)

షెడ్డు మాట అన్నా, మరి తడిసిన తారు సంగతేంటి? నేను వారానికి మూడుసార్లు గువ్వలచెరువు ఘాట్ మీదుగా కడపకు టమాటా వేసుకుని వస్తాను. వాన పడితే 4హెచ్ వేసుకుంటే బండి రోడ్డుకు అతుక్కున్నట్టు అనిపిస్తుంది. టెన్షన్ తగ్గుతుంది.

షెడ్డు మాట (కడప)

ఆ అనిపించడమే భయం అన్నా. లోడుతో ఘాట్ దిగేటప్పుడు మనల్ని కాపాడేది బ్రేకు, టైరు, గేరు. ఫోర్ వీల్ వేసినా వేయకపోయినా బ్రేకు పట్టేది నాలుగు చక్రాలకే. బండి ఆగే దూరం తగ్గదు. తడి తారుకు కూడా చాలా పట్టు ఉంటుంది, ఆ మలుపుల్లో షాఫ్టులు మెలి పడతాయి, స్టీరింగ్ తిప్పినా ముక్కు నేరుగా పోవాలని చూస్తుంది. చిన్న గేరులో, నిదానంగా దిగండి. అరిగిన టైర్లు మార్చండి. మధ్యలో డిఫరెన్షియల్ ఉండి ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే బండ్లు వేరు, మీ బండి మాన్యువల్‌లో ఏముందో ఒకసారి చదవండి.

కొండ మీది మట్టి దారి దిగేటప్పుడు అయితే 4ఎల్ ఒకటో గేరు బంగారం. క్లచ్ మీద కాలు పెట్టకుండా వదిలేయండి, ఇంజనే పట్టి దించుతుంది.

హగరి ఇసుక (కణేకల్లు)

రేగడి గురించి మీరు తేల్చుకోండి, ఇసుక గురించి నేను చెబుతాను. మా కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేస్తుంది. నిన్న ఉన్న బాట ఇవాళ ఉండదు. ఇక్కడ "దిగబడ్డాక వేస్తాను" అన్నవాడు పొద్దంతా పార పట్టాల్సిందే. మేట కనపడగానే, ఇంకా గట్టి నేల మీద ఉండగానే 4హెచ్ వేస్తాం. అంతకన్నా ముఖ్యం గాలి. 35 పాయింట్లు ఉన్న టైరును ఖాళీ బండికి 18, 20కి దించుతాం. టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. లోడు ఉంటే అంత దించకూడదు. మధ్యలో ఆగకూడదు, మలుపు గట్టిగా తిప్పకూడదు. ఆగాల్సి వస్తే బ్రేకు కొట్టకుండా కాలు తీసి దానంతట అదే ఆగనివ్వాలి. బ్రేకు కొడితే టైరు ముందు ఇసుక గుట్టలా చేరుతుంది, మళ్లీ కదలాలంటే అదే అడ్డం. రోడ్డెక్కాక గాలి మళ్లీ కొట్టుకోవాలి, పంపు బండిలోనే ఉంటుంది.

పెన్నా ఒడ్డు (తాడిపత్రి)

ఇసుకలో ముందే వేయాలని ఒప్పుకుంటాను, పెన్నలో నేనూ అలాగే చేస్తాను. నా పట్టుదల రేగడి గురించే. ఇసుక ఎంత లోతున్నా దాని గుణం ఒకటే. రేగడి అలా కాదు. పైన రెండు వేళ్లు తడిసి కింద గట్టిగా ఉండే చోటు, మోకాలి లోతు మెత్తబడ్డ చోటు పైకి ఒకేలా కనిపిస్తాయి. మొదటి దాంట్లో ఫోర్ వీల్ పనికొస్తుంది. రెండో దాంట్లో ఏదీ పనికిరాదు, ఎద్దుల బండి కూడా పోదు. ఆ తేడా తెలియనివాడి చేతిలో ముందే వేసిన ఫోర్ వీల్ వాడిని ఇంకా లోపలికి తీసుకుపోతుంది. నేను చెప్పేది అదే.

బుడ్డల చేను (పత్తికొండ)

ఆ తేడా బండితో ఎందుకు తెలుసుకోవాలి అన్నా? నేను, మా ఆయన ఇద్దరం బండి నడుపుతాం. బాట మొదట్లో ఆపి, చెప్పులు విడిచి నడిచి చూస్తాను. కాలి కింద మట్టి జారి, లోపల గట్టిగా తగిలితే 4హెచ్ వేసుకుని పోతాం. మడమ మునిగి, కాలు తీసేటప్పుడు చప్పుడు చేస్తూ పీల్చుకుంటే బండి అక్కడే పెట్టి బస్తాలు ట్రాక్టర్‌లో వేస్తాం, లేదా రెండు ఎండలు ఆగుతాం. 10 నిమిషాల పని. చక్రాల మధ్య మిట్ట ఎంత ఎత్తుందో కూడా అప్పుడే కనపడుతుంది, హౌసింగ్‌కు తగిలేది అదే కదా.

షెడ్డు మాట (కడప)

అక్కా, ఇంత మంచి మాట ఈ చర్చలో ఇంకెవరూ రాయలేదు. దానికి ఒకటే కలుపుతాను. బురదలో 4ఎల్ ఒకటో గేరు వేయకండి. బలం మరీ ఎక్కువై టైరు వెంటనే తిరుగుతుంది. 4హెచ్ రెండో గేరు, లేదా 4ఎల్‌లో రెండో, మూడో గేరు వేసి ఒకే వేగంతో పోనివ్వండి. 4ఎల్ వేయడానికి, తీయడానికి బండి ఆపాలి, కాబట్టి ఏది కావాలో గట్టి నేల మీదే నిర్ణయించుకోండి. చక్రం తిరిగినట్టు అనిపించగానే కాలు తీయండి. ఒక్క క్షణం ఎక్కువ తొక్కితే బెత్తెడు దిగుతుంది. వచ్చిన గాడిలోనే రివర్స్ తీసుకోండి, కదలకపోతే టైరు ముందూ వెనకా తవ్వి గోనె సంచులో కంది కట్టెలో వేయండి.

రేగడి బాట (ఆలూరు దగ్గర)

అందరికీ కృతజ్ఞతలు. మొన్న మళ్లీ వాన పడింది. నిన్న పొద్దున ఇద్దరం చెప్పులు విడిచి ఆ బాట నడిచి చూశాం. పోయినసారి దిగబడిన చోట ఇంకా పీలుస్తోంది. దాని ఎడమ పక్కన గడ్డి ఉన్న గట్టు మీద గట్టిగా తగిలింది. బండి ఆపి 4హెచ్ వేశాను. ఈసారి చిన్నాన్న చెయ్యి అడ్డం పెట్టలేదు గానీ, "ఆ గట్టు కూడా మెత్తగా ఉండి ఉంటే?" అని మాత్రం అడిగాడు. అలా ఉంటే పోయేవాళ్లమే కాదని చెప్పాను. రెండో గేరులో, ఎక్కడా కాలు లేపకుండా పోయాం. రెండుచోట్ల బండి పక్కకు జారింది, చక్రం మాత్రం తవ్వలేదు.

పెన్నా ఒడ్డు అన్న రాసింది ఆయనకు చదివి వినిపించాను. తన మాట మార్చుకోలేదు, ఆ అన్న తెలివైనవాడు అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బాట దాటి తారు రోడ్డు ఎక్కుతుంటే, నాకన్నా ముందు ఆయనే మీటరు దగ్గరికి వంగి చూశాడు.

"లైటు ఇంకా వెలుగుతోంది. తీయి."