రక్తం చిందకుండా దేవుడు క్షమించలేడా? సిలువకు మనం ‘బాకీ’ ఉన్నామా?

గోదారి_గట్టు: అందరికీ వందనాలు. గుడ్ ఫ్రైడే నాడు మా సంఘంలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం జరిగింది. ‘సమాప్తమైనది’ అన్న ఆరో మాట మీద మాట్లాడిన అయ్యగారు, “నీ అప్పు ఆయన తీర్చాడు, మరి నువ్వు ఆయనకేం ఇచ్చావు?” అని గట్టిగా అడిగారు. వెనకాలే కానుకల సంచి వచ్చింది. సంచి సంగతి వదిలేయండి. అప్పు తీరిపోయాక మళ్లీ నేను బాకీ ఎలా ఉంటాను? అసలు తండ్రి క్షమించడానికి కొడుకు చావాల్సిన అవసరం ఏమిటి? ఎగతాళికి కాదు, నిజంగానే అడుగుతున్నాను.

సీయోను_బాట: బ్రదర్, ‘రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు’ అని హెబ్రీ 9:22 చెబుతోంది. యెషయా 53 చదవండి, క్రీస్తు గురించేనని మనం నమ్మే ఆ ప్రవచనంలో ‘మన అతిక్రమక్రియలనుబట్టి’ గాయపరచబడ్డాడని స్పష్టంగా ఉంది. హంతకుడితో జడ్జిగారు “పర్లేదు, ఇంటికెళ్లు” అంటే దాన్ని ప్రేమ అంటామా? చచ్చినవాడి తల్లికి ఏం సమాధానం చెప్తాం? దేవుడు ప్రేమ, న్యాయం రెండూ. ఆ రెండూ కలిసిన చోటు సిలువ.

పాత_పుస్తకాల_షాపు: జడ్జి ఉదాహరణ ప్రతి సువార్త కూటంలో వింటాం కానీ, మొదటి శతాబ్దాల్లో ఆ కోణానికి ఇంత ప్రాధాన్యం లేదు. అప్పట్లో ఎక్కువగా చెప్పింది మరణం మీద, సాతాను మీద క్రీస్తు గెలుపు గురించే. క్రయధనం (విడిపించడానికి కట్టే సొమ్ము) అంటే ఎవరికి కట్టినట్టు, సాతానుకా, తండ్రికా అని నాలుగో శతాబ్దంలోనే నజియాంజస్ గ్రెగొరీ అనే బిషప్ నిలదీశాడు. పాపం వల్ల దేవుని ఘనతకు లోటు వచ్చింది, దాన్ని పూడ్చాలి అన్న వాదన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్ముది, 1098 ప్రాంతంలో. దాన్ని శిక్ష, కోర్టు భాషలో బిగించింది 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్తలు. వాళ్లలో ఒకడైన కాల్విన్ చదివింది న్యాయశాస్త్రం మరి! నాలుగో శతాబ్దంలో సంఘం రాసుకున్న నీకయ విశ్వాస ప్రమాణం ‘మన కొరకు’ అంటుంది, లెక్క ఎలా సరిపోయిందో చెప్పదు. ఇంకోటి, పాత నిబంధనలో బలుల నియమాలున్న లేవీయకాండం 5:11లో గువ్వలు కూడా కొనలేని బీదవాడు పాపపరిహారానికి గోధుమపిండి తెస్తే చాలు. నూనె వద్దు, సాంబ్రాణి వద్దు. రక్తం ఎక్కడుంది అందులో?

సీయోను_బాట: తర్వాతి వచనం కూడా చదవండి అన్నా. యాజకుడు పిడికెడు పిండి తీసి బలిపీఠం మీదున్న హోమాల పైనే కాలుస్తాడు. బీదవాడికిచ్చిన వెసులుబాటు అది, పద్ధతి మారలేదు.

మరియమ్మ_మనవరాలు: మీరిద్దరూ లేవీయకాండంలోనే ఉండిపోయారు, ఆ తమ్ముడు అడిగిన బాకీ మాట ఎవరూ ఎత్తలేదు. లూకా 7 చూడండి. ధర్మశాస్త్రం గట్టిగా పాటించే పరిసయ్యుడైన సీమోను ఇంట్లో ఒక స్త్రీ యేసు పాదాలు కన్నీళ్లతో తడిపి, తలవెంట్రుకలతో తుడిచి, అత్తరు పూస్తుంది. అక్కడ యేసు ఇద్దరు ఋణస్థుల కథ చెప్తాడు. ఒకడు 500 దేనారాలు (ఒక్కోటి ఒక రోజు కూలి), ఇంకొకడు 50. ఇద్దరి దగ్గరా తీర్చడానికి ఏమీ లేదు, ఇద్దరినీ వదిలేశాడు. ఇద్దరిలో ఎవడు ఎక్కువ ప్రేమిస్తాడు అన్నదే ప్రశ్న. ఎవడు ముందు తిరిగి కడతాడు అని అడగలేదు! ఆమె అత్తరు వాయిదా సొమ్ము కాదు. మన సాక్ష్యాల్లో మాత్రం “ఆయన అంత చేస్తే నేనేం చేశాను” అని కుమిలిపోవడమే కృతజ్ఞత అయిపోయింది. బల్ల (ప్రభు భోజనం) తీసుకోవడానికి భయపడే ఆడవాళ్లను చాలామందిని చూశాను.

ఇంక ఆ బాకీ ఎటు పోతుందో మత్తయి 18లో ఉంది. పదివేల తలాంతులు, అంటే తీర్చలేనంత అప్పు, మాఫీ అయినవాడు బయటికెళ్లి తోటివాడి గొంతు పట్టుకున్నది 100 దేనారాల కోసం. రాజు మండిపడింది తనకు తిరిగి కట్టలేదని కాదు, తోటివాణ్ణి కరుణించలేదని.

సీయోను_బాట: సిస్టర్, బాగా చెప్పారు. కానీ ఆ 500 ఎవరి జేబులోంచి పోయాయి? అప్పిచ్చినవాడి జేబులోంచే కదా. మాఫీ అంటేనే ఎవరో నష్టం భరించడం. నేను సిలువ అంటున్నది దాన్నే.

మరియమ్మ_మనవరాలు: ఒప్పుకుంటాను. అప్పిచ్చినవాడే భరించాడు. అంటే కోపంగా కూర్చున్న తండ్రి, మధ్యలో నలిగిన కొడుకు అన్న బొమ్మ నిలబడదు. ‘నా అంతట నేనే’ ప్రాణం పెడుతున్నానని యోహాను 10:18లో ఆయనే అన్నాడు. దేవుడు క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని పౌలు రాశాడు.

గోదారి_గట్టు: అక్కా, అయితే కానుక వేయొద్దా?

మరియమ్మ_మనవరాలు: వెయ్యి నాయనా, సంఘానికీ కరెంటు బిల్లు వస్తుంది. సిలువ బాకీ కింద జమ కట్టుకోకు, అంతే.

సీయోను_బాట: అదంతా సరే. ‘అతని నలుగగొట్టుటకు యెహోవాకు ఇష్టమాయెను’ అని యెషయా 53:10లో ఉంది. దానికి మాత్రం ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.